ఒక బెల్లు ఔను, రెండు బెల్లులు కాదు

ఒక మనిషిని పూర్తి న్యాయంగా ఉద్యోగంలోకి తీసుకోవాలంటే ముందుగా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. దరఖాస్తు మీద పేరు కొట్టేయాలి, పేరు చూస్తే ఎవరి తాలూకు మనిషో తెలిసిపోతుంది. ఫొటో పీకేయాలి. ఊరు, వయసు, ఆడా మగా అన్నది, చదివిన బడి, ఇదివరకు చేసిన పని, ఇప్పుడు చేస్తున్న పని, ఇవన్నీ నల్ల స్కెచ్ పెన్నుతో పూసేయాలి. చేతిరాతను బట్టి పోల్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి మిగిలినదాన్ని టైపు చేయించాలి. టైపు చేసినతనికి ఏ దరఖాస్తు ఎవరిదో తెలిసి ఉంటుంది కాబట్టి అతన్ని వేరే శాఖకు బదిలీ చేయాలి. ఇంత జరిగాక కాగితం మీద ఏది మిగిలితే దాన్ని అభ్యర్థి అంటారు.

మా దగ్గర ఒక్కో అభ్యర్థి లైనున్నర ఉండేవారు.

నిప్పును కనుక్కున్న తర్వాత మానవజాతి వేసిన అతి పెద్ద అడుగు ఇదేనని మా ఛైర్మన్ గారు న్యాయ నియామకాల కమిటీ ప్రారంభ సభలో ప్రకటించారు. (మధ్యలో చక్రం కూడా ఉందని వెనక వరసలోంచి ఎవరో గుర్తు చేశారు. చక్రానికి ఆ స్థానం ఎవరి సిఫార్సు మీద వచ్చిందో విచారించాలన్నారు ఆయన.)

ఆ కమిటీకి నేను కార్యదర్శిని. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. సిఫార్సు చేసే దిక్కు లేక చాన్నాళ్ళు ఖాళీగా కూర్చున్నవాణ్ణి కూడా. కాబట్టి ఈ పనిని నేనెప్పుడూ నవ్వులాటగా తీసుకోలేదు. "ఆఫీసులో నువ్వు చేసే పనేంట్రా?" అని మా అమ్మ అడిగితే "న్యాయం చేస్తున్నానమ్మా" అన్నాను. "దానికి జీతం ఇస్తారా?" అంది అమ్మ.

మా కంపెనీ లిఫ్టులు బాగుచేస్తుంది. మేం చూసుకునే లిఫ్టు ఎక్కడైనా మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కుతారు. ఫోను మా కంట్రోల్ రూముకు వస్తుంది. మెకానిక్కు స్కూటరు వేసుకుని వెళ్ళేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండటానికి ఒక మనిషి కావాలి. ఆ ఉద్యోగం పేరు 'నిలుపుదల కాల సంభాషణ సహాయకులు'. ఆ ఉద్యోగం చేస్తున్నావిడ పేరు మాత్రం ఆఫీసులో అందరికీ లిఫ్టక్క.

లిఫ్టక్క టెంపరరీ. ఎప్పట్నుంచి టెంపరరీ అంటే, ఆవిడ వచ్చాక ఆ కుర్చీని అరిగిపోయిందని ఒకసారి మార్చారు. (కుర్చీ మాత్రం పర్మినెంటు ఆస్తుల జాబితాలో ఉంది.)

లోపల ఇరుక్కున్నవాళ్ళకు ఆవిడ ధైర్యం చెప్పేది కాదు. ధైర్యంగా ఉండమంటే భయం గుర్తొస్తుందట. అందుకని తగువు పెట్టుకునేది. ఒకరోజు నేను పక్కనే ఉండగా ఒక పెద్దాయన ఫోను చేశాడు. ఊపిరాడటం లేదు, ఇవే నా ఆఖరి మాటలు అంటున్నాడు.

"ఊపిరాడనివాళ్ళు ఇంత గట్టిగా ఎలా అరుస్తారు బాబాయ్?" అంది అక్క. "ఏ ఫ్లోరుకు బయల్దేరారు?"

"రెండో ఫ్లోరుకమ్మా."

"రెండో ఫ్లోరుకు లిఫ్టెందుకు? కాళ్ళకు సెలవిచ్చారా?"

"మోకాళ్ళ నొప్పులు."

"డాక్టరు నడవమన్నాడా, వద్దన్నాడా? నిజం చెప్పండి."

అటువైపు గొంతు తగ్గింది. "నడవమన్నాడు."

"పిన్నికి తెలుసా ఈ సంగతి?"

"మీ పిన్నిదాకా ఎందుకు తల్లీ. ఆవిడ సంగతి నీకు తెలీదు."

"చెప్పండి, తెలుసుకుంటాను."

మెకానిక్కు వెళ్ళి తలుపు తీసేసరికి ఆ పెద్దాయన ఫోనుకు ఆనుకుని, కొంచెం ఆగవయ్యా, మాట్లాడుతున్నాంగా అని చేత్తో సైగ చేశాడట.

అలా ఉండగా ఆ ఉద్యోగాన్ని పర్మినెంటు చేస్తున్నట్టు సర్క్యులర్ వచ్చింది. పర్మినెంటు మనిషి చేరిన రోజునే టెంపరరీ మనిషి హెడ్‌సెట్ అప్పగించి వెళ్ళిపోవాలని కూడా అందులోనే ఉంది. అక్క భర్త సైకిల్ షాపు మూతపడింది. ఇంటికి ఈ జీతమే ఆధారం. టెంపరరీ వాళ్ళకు సెలవు కూడా లేదు. సొంత చెల్లెలి పెళ్ళిని అక్క ఈ కుర్చీలోనే కూర్చుని ఫోన్లో విన్నది. ఒక చెవిలో పెళ్ళి, రెండో చెవిలో ఏడో అంతస్తుకూ ఎనిమిదో అంతస్తుకూ మధ్య ఆగిపోయిన ఒక ఆడిటర్. (ఆడిటర్ వధూవరులను నిండు మనసుతో దీవించాడు.)

"ఏం డిగ్రీ బాబూ, నా కుర్చీకి నేనే దరఖాస్తు పెట్టుకోవాలా?" అని అడిగింది నన్ను.

"పెట్టుకోవాలక్కా. అదే న్యాయం."

"ఇన్నాళ్ళూ ఇక్కడే పనిచేశానని రాయొచ్చా?"

"తప్పకుండా రాయాలి. నేను కొట్టేస్తాను."

"కొట్టేసేదానికి రాయడమెందుకు?"

"రాయకపోతే సమాచారం దాచినట్టవుతుంది."

అక్క నా ముఖంకేసి కాసేపు చూసింది. "మీ అమ్మకు నువ్వొక్కడివేనా?" అంది.

ఇంటర్వ్యూ ఎలా ఉండాలో నిర్ణయించినవారు మా నైపుణ్య వికాస అధికారి. అందరూ నైపుణ్యం గారు అంటారు. మెత్తటి మనిషి, ఎవరితోనూ పేచీ లేదు. ఆయన ముందుగా అభ్యర్థికీ కమిటీకీ మధ్య పరదా కట్టించారు. పరదా కింద నుంచి చెప్పులు కనిపిస్తున్నాయి, చెప్పుల్ని బట్టి మనిషిని అంచనా వేస్తారు అని దాన్ని నేలదాకా దింపించారు. తలనూనె వాసన ఇటు రాకుండా కమిటీ వెనక పెద్ద ఫ్యాను పెట్టించి గాలి అటు వెళ్ళేలా చేశారు. (కాగితాలు కూడా అటే వెళ్ళాయి. వాటి మీద రాళ్ళు పెట్టాం.) ఇక మిగిలింది గొంతు.

"గొంతు వింటే ఆడో మగో తెలుస్తుంది, వయసు తెలుస్తుంది, ఏ వైపు మనిషో కూడా తెలుస్తుంది," అన్నారు నైపుణ్యం గారు. "పక్షపాతం లోపలికి వచ్చేదే అక్కడినుంచి. కాబట్టి గొంతు వద్దు. ఒక బెల్లు పెడదాం. ఒకసారి నొక్కితే ఔను, రెండుసార్లు నొక్కితే కాదు."

"ఇది మాట్లాడే ఉద్యోగం కదండీ," అన్నాను.

"అందుకే. మాట్లాడే ఉద్యోగానికి మాట్లాడే ఇంటర్వ్యూ పెడితే మాట్లాడేవాళ్ళకే అనుకూలమైపోదూ?"

డిగ్రీలో మాకు ఈ పాఠం రాలేదు.

ప్రశ్నలు కూడా ఆయనే తయారుచేశారు. లిఫ్టులో చిక్కుకున్నవారి పట్ల మీకు సానుభూతి ఉందా? ఉన్నట్లయితే అది కంపెనీ విధించిన పరిమితికి లోబడి ఉంటుందా? ఎదుటివారు చెప్పేది శ్రద్ధగా వినే నైపుణ్యం మీకుందా? (ఈ ప్రశ్నను రెండోసారి చదవరు.) చివరగా కొన్ని నిబంధనలు. బెల్లు మోగిన క్షణం నుంచి ఇంటర్వ్యూ మొదలైనట్టు. పరదా వెనక ఉన్నవారు నోరు విప్పరాదు. మధ్యలో లేచి వెళ్ళరాదు, అది కమిటీని ప్రభావితం చేసే ప్రయత్నం కిందకు వస్తుంది. లోపల ఉన్నది ఎవరై ఉంటారని కమిటీ సభ్యులు మనసులో కూడా అనుకోరాదు.

ఇంటర్వ్యూ రోజున వెనక గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ను గోడవైపు తిప్పి నిలబెట్టాం. వెనక అడుగుల చప్పుడు వినబడితే "తర్వాతివారు" అని పిలవడం అతని పని.

"గోడకేసి చూస్తూ నిలబడితే దొంగ ఎవరో దొర ఎవరో నాకెలా తెలుస్తుంది సార్?" అన్నాడు.

"తెలియకూడదనేగా," అన్నారు ఛైర్మన్ గారు. "ఈ ఒక్కరోజు దొంగలక్కూడా సమాన అవకాశం."

మొదట వెళ్ళింది లిఫ్టక్క. ఆ సంగతి నాకు తెలియదు, తెలియకూడదు. పరదా వెనక కుర్చీ కిర్రుమంది. ఎంతకీ బెల్లు మోగకపోతే, సానుభూతి ఉందా అని ఛైర్మన్ గారే అడిగేశారు. అప్పుడూ మోగలేదు. ఆగాం. ఏదో టకటక కొట్టిన చప్పుడు వచ్చింది. ఇంకా ఆగాం. సానుభూతి లేదేమోనని రాయడానికి నేను పెన్ను తీశాను.

"ఈ బెల్లు నొక్కుకుపోయిందండీ. పైకి రావట్లేదు," అంది పరదా.

ఛైర్మన్ గారు చెవులు మూసుకున్నారు గానీ ఆలస్యమైపోయింది. ఆ గొంతు తెలియనివాళ్ళు మా కంపెనీలో లేరు. కమిటీలో మూడో సభ్యుడైన లెక్కల మేనేజరు గారు "నాకైతే ఎవరో తెలియలేదండీ" అన్నారు. ఆయన సంసారం మొత్తం ఒకసారి పండక్కి కొన్న బట్టల సంచులతో సహా లిఫ్టులో ఇరుక్కుని, అక్కతో తగువులాడి క్షేమంగా బయటపడింది.

"తెలిసి తెలియనట్టు ఉండటమూ పక్షపాతమే," అన్నారు ఛైర్మన్ గారు. "స్వర బహిర్గతం జరిగింది. ఈ అభ్యర్థిని పక్కన పెట్టక తప్పదు."

"నా ఇంటర్వ్యూ అయిపోయిందాండీ?" అని అడిగింది పరదా.

జవాబు చెబితే సంభాషణ అవుతుంది కాబట్టి ఎవరమూ చెప్పలేదు.

"అయిపోయినట్టే ఉందిలే," అని తనకు తనే చెప్పుకుని అక్క వెళ్ళిపోయింది.

నాకు మనసు ఒప్పలేదు. లోపం బెల్లుది గానీ అభ్యర్థిది కాదు, ఇంకో అవకాశం ఇవ్వడం ధర్మం అన్నాను. ఛైర్మన్ గారు నా మాటను చాలాసేపు ఆలోచించారు. "నిజమే," అన్నారు. "బెల్లుకు ఇంకో అవకాశం ఇద్దాం."

నైపుణ్యం గారు స్క్రూడ్రైవర్ తీసుకుని స్వయంగా బయల్దేరారు. వెనక గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు విని వాచ్‌మన్ "తర్వాతివారు" అన్నాడు. ఆయన లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుని, బెల్లు విప్పి, బిగించి, సరిగా ఉందో లేదోనని ఒకసారి నొక్కారు.

బెల్లు ఖంగున మోగింది. ఛైర్మన్ గారు కళ్ళజోడు సర్దుకుని మొదటి ప్రశ్న చదివారు.

పరదా వెనక ఆ క్షణంలో నైపుణ్యం గారి పరిస్థితి ఏమిటో మీరు ఊహించుకోవచ్చు. (మీరు కమిటీలో లేరు కాబట్టి.) నోరు విప్పడానికి లేదు, లేచి వెళ్ళడానికి లేదు. ఆ రెండు నిబంధనలూ రాసింది ఆయనే. కాసేపటికి, చాలా మర్యాదగా, బెల్లు ఒకసారి మోగింది.

నా పక్కన ఖాళీ కుర్చీ చూసుకుని, "లోపలున్నది నైపుణ్యం గారేమోనండీ," అన్నాను మెల్లగా.

"లోపల ఎవరున్నారో మనసులో కూడా అనుకోకూడదు కదా. మీరు పైకే అనేశారు," అన్నారు ఛైర్మన్ గారు. నేను క్షమాపణ చెప్పుకున్నాను.

ఒక్క జవాబూ తప్పు కాలేదు. ఎక్కడ ఒకటి, ఎక్కడ రెండు అన్నది తడుముకోకుండా మోగించారు. 'ఈ ప్రశ్న మీకు అర్థం కాలేదు, కాదా?' అన్న కఠినమైన ప్రశ్నకు కూడా సరైన సంఖ్యలోనే బెల్లు మోగింది. (ఆ సంఖ్య ఎంతో మాకు ఇప్పటికీ తెలియదు. జవాబుల కాగితం ఆయన దగ్గరుంది.) తర్వాత వచ్చినవాళ్ళెవరూ ఆయన దరిదాపుల్లోకి రాలేదు. ఇంత స్పష్టమైన మనిషి ఇన్నాళ్ళూ ఏ మూల ఉండిపోయాడోనని ఛైర్మన్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

అందరి వంతూ అయ్యాక, వెనక గుమ్మం బయట ఆగి ఉన్న ఎంపికైన అభ్యర్థిని మళ్ళీ లోపలికి పిలిచి పరదా తీయించాం. స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని నైపుణ్యం గారు నిలబడి ఉన్నారు. పొరపాటు జరిగిందని ఆయనే చెబుతారు, అక్కకు న్యాయం జరుగుతుంది అనుకున్నాను.

"పోస్టు పర్మినెంటే కదండీ?" అన్నారు నైపుణ్యం గారు.

అప్పుడు తెలిసింది, ఆయనదీ కాంట్రాక్టేనని. ఉద్యోగులందరికీ నైపుణ్యాలు నేర్పే ఆయన కాంట్రాక్టును ఏడాదికేడాది పొడిగిస్తూ వస్తున్నారు. "మా అమ్మాయి బడి ఫారంలో 'తండ్రి ఉద్యోగం' అన్నచోట ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాస్తున్నానండీ," అన్నారు. ఛైర్మన్ గారు నియామకం కాగితం మీద సంతకం పెట్టేశారు.

ఈ సంగతి చెప్పడానికి నేనే కంట్రోల్ రూముకు వెళ్ళాను. విని అక్క కుర్చీ చేయి పట్టుకుని మరీ నవ్వింది. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపే సాగింది.

"పోన్లే, ఆయనకూ ఇల్లుంది," అంది. నైపుణ్యం గారు తలవంచుకుని వస్తే హెడ్‌సెట్ తీసి తనే ఆయన తలకు తగిలించింది. "మీ తల పెద్దది సార్. ఇదిగో, ఇక్కడ లాగి వదులు చేసుకోవాలి. చెవి నొప్పెడితే కుడి నుంచి ఎడమకు మార్చుకోండి. ఏడ్చేవాళ్ళను ఏడవనివ్వండి, మౌనంగా ఉండేవాళ్ళను మాత్రం ఉండనివ్వకండి." అప్పగింత కాగితం మీద సంతకం పెట్టి టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, స్వెటరూ సంచిలో వేసుకోసాగింది.

అంతలో ఫోను మోగింది, నైపుణ్యం గారు కంగారులో స్పీకరు నొక్కారు. అది మా బిల్డింగు లిఫ్టే. (మా లిఫ్టును మేమే బాగుచేసుకుంటే స్వార్థం అవుతుందని ఆ పని వేరే కంపెనీకి ఇచ్చాం. ఫోను మాత్రం మాకే వస్తుంది.) లోపలున్నది ఛైర్మన్ గారు.

"ఎవరక్కడ? లిఫ్టు ఆగిపోయింది. లైటు కూడా పోయింది."

నైపుణ్యం గారు నోరు తెరిచారు. మాట రాలేదు. ఆయన పరీక్ష రాసింది మాటల్లో కాదు. చుట్టూ చూసి, నా చేతిలోని ఇంటర్వ్యూ సామాన్ల పెట్టెలోంచి బెల్లు తీసి బల్ల మీద పెట్టి ఒకసారి నొక్కారు.

"ఏమిటా చప్పుడు? ఎవరైనా ఉన్నారా అసలు?"

ఒక బెల్లు.

"మెకానిక్కు వస్తున్నాడా?"

ఒక బెల్లు.

"ఎంతసేపు పడుతుంది?"

దీనికి బెల్లు లేదు. నైపుణ్యం గారు చేతులు చాపి నా వైపు చూశారు. ఫోన్లో ఊపిరి చప్పుడు పెద్దదవుతోంది.

"నేను మాట్లాడనా?" అంది అక్క.

"సంతకం పెట్టేశావక్కా. రూలు ప్రకారం నువ్విప్పుడు బయటి మనిషివి."

"రూలు నాకు తెలుసులే. నువ్వు గోడకేసి తిరుగు."

తిరిగాను. ఎవరినీ చూడకపోవడం మా కమిటీ మూలసూత్రం. వెనక నుంచి మాటలు మాత్రం వినబడ్డాయి.

"ఎవరండీ అక్కడ ఆయాసపడుతున్నది?"

"నేను ఛైర్మన్ని."

"లిఫ్టులో ఇరుక్కున్న ప్రతివాళ్ళూ అలాగే అంటారు. మెడకు టై ఉందా?"

"ఉంది."

"విప్పండి ముందు. ఎవరు కట్టారది?"

"మా ఆవిడ."

"ఇంత వయసొచ్చి టై కట్టుకోవడం రాదా?"

"ఎందుకు రాదు?" అన్నారు ఛైర్మన్ గారు కోపంగా. తర్వాత, "రాదు," అన్నారు.

"మరి అందరి నైపుణ్యాలూ పరీక్షిస్తారటగా మీరు?"

"అది వేరు, ఇది వేరు."

"మీకెవరు పెట్టారు పరీక్ష?"

ఫోన్లో ఊపిరి చప్పుడు తగ్గింది. "నా మొదటి ఉద్యోగం మా మేనమామ ఇప్పించాడు," అన్నారు ఛైర్మన్ గారు. "ఎవరితోనూ అనకమ్మా."

"నేనెవరితో అంటాను. ఉన్నాడా ఆయన?"

"ఉన్నాడు."

"ఎప్పుడు చూశారు ఆఖరుసారి?"

"అదేనమ్మా, పనులతో తీరిక లేక..."

"పనులా? మేనమామ చేతిలో పెట్టిన పనేగా అది కూడా."

అవతలి కంపెనీ మెకానిక్కు వచ్చేదాకా అలా సాగింది. తలుపు తీశాక కూడా ఛైర్మన్ గారు వెంటనే బయటికి రాలేదట, మాట పూర్తికావాలన్నారట. వచ్చాక టై చేత్తో పట్టుకుని నేరుగా కంట్రోల్ రూముకు నడిచి వచ్చారు. ముఖం కడిగినట్టు తేటగా ఉంది. అక్కను చూశారు. నైపుణ్యం గారిని చూశారు. నేను గోడవైపు నుంచి తిరిగి, ఇక అంతా సవ్యమవుతుంది అనుకున్నాను.

"నాతో మాట్లాడిందెవరో నేను అడగను," అన్నారు ఆయన. "గొంతు గుర్తుపట్టడం మన విధానానికి విరుద్ధం. కానీ సేవ అద్భుతం. మన ఎంపిక ఎంత సరైనదో ఈ ఒక్క ఫోనుతో రుజువైంది." నైపుణ్యం గారి చేయి పట్టుకుని ఊపారు.

"సార్, అది నేను కాదు సార్," అన్నారు నైపుణ్యం గారు. పాపం, నిజంగానే చెమటలు పట్టాయి ఆయనకు.

"వినయం," అన్నారు ఛైర్మన్ గారు నాతో. "అది కూడా నైపుణ్యాల్లో చేర్చండి."

చేర్చాను.

నైపుణ్యం గారు ఆ తర్వాత ఊరికే కూర్చోలేదు. తనకు మాట్లాడటంలో శిక్షణ అవసరమని, తాను పూర్తిగా నేర్చుకునేదాకా ఒక శిక్షకురాలిని నియమించాలని అర్జీ పెట్టుకున్నారు. వెంటనే మంజూరైంది. ఆ పోస్టుకు దరఖాస్తు లేదు, పరదా లేదు, ఇంటర్వ్యూ లేదు. టెంపరరీ పోస్టులకు న్యాయం వర్తించదు. లిఫ్టక్క మర్నాడే చేరింది.

ఇప్పుడు కుర్చీలో అక్క కూర్చుంటుంది. పక్కన స్టూలు మీద పర్మినెంటు ఉద్యోగి కూర్చుని శ్రద్ధగా వింటారు, మధ్యలో టీ తెచ్చిపెడతారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు అక్క సంచి సర్దుకుంటూ అడుగుతుంది.

"ఇవాళ కూడా ఏమీ నేర్చుకోలేదుగా సార్?"

"ఒక్క ముక్క కూడా నేర్చుకోలేదమ్మా."

"మీరు చల్లగా ఉండాలి."

మా కమిటీ నివేదికలో ఈ నియామకాన్ని ఆదర్శంగా చూపించాం. దాన్ని నేనే రాశాను, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మీతో మాత్రం ఒక్క మనవి చేసుకుంటాను. మీరు ఎప్పుడైనా ఎక్కడైనా అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఆగిపోవచ్చు. అవతలి నుంచి ఒక ఆడమనిషి మీ సొంత విషయాల్లో తలదూర్చి, మీకు ఒళ్ళు మండేదాకా నిలదీస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, మీరు ఇంటికి వెళ్ళిపోతారు. వెళ్ళాక, దయచేసి, ఆవిడని గుర్తుపెట్టుకోండి. మేం గుర్తుపెట్టుకోవడానికి రూలు ఒప్పుకోదు.